సోదా

తెలుగు పత్రిక ఏ రోజు తెరిచినా కనిపించే మాట సోదా. ఐటీ సోదాలు, ఏసీబీ సోదాలు, ఈడీ సోదాలు. చెవికి కచేరీ మాటలా తగులుతుంది కాబట్టి జప్తు, హాజరు, జమానతుల వెంట ఇది కూడా ఫారసీ, అరబ్బీల నుంచి దిగిందనుకుంటాం. కానీ దీని మూలం సంస్కృతంలో ఉంది. శ్రీ మన నోట సిరి అయినట్టు, శయ్య సెజ్జ అయినట్టు, శోధలోని శకారం సకారమైంది, ధకారం ఒత్తు వదులుకుంది. శోధించు సోదించు అయింది. మూలంలో ఉన్నది శుధ్ ధాతువు. ధాతుపాఠం దానికి చెప్పే అర్థం శౌచం, అంటే శుభ్రత. వెతకడమన్న ఊసే అందులో లేదు.

శుద్ధి, విశుద్ధం, సంశోధన, పరిశోధన అన్నీ ఆ ధాతువు సంతానమే. ఆయుర్వేదంలో శోధనమంటే ఒంట్లోని దోషాన్ని బయటికి పంపే చికిత్స. బంగారాన్ని శోధించడమంటే పుటం పెట్టి మలినం తీసేయడం. మలినం తీయాలంటే అది ఎక్కడుందో ముందు చూడాలి కదా. అలా శుభ్రం చేయడమన్న అర్థం మెల్లగా వెతకడంలోకి జరిగింది. పోయిన వస్తువు జాడ చెప్పే సోదెమ్మ పేరులో ఉన్నదీ ఈ శోధే.

అర్థం జరిగినా పాత భావం చచ్చిపోలేదు. మత్తుమందుల భయంతో పిల్లల బ్యాగులు విప్పించే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ తాను బడిని శుభ్రం చేస్తున్నాననే నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నేను శంకించను. ఆయన భయం నిజం, తల్లిదండ్రుల భయం ఇంకా నిజం. బడి దగ్గరి పాన్ డబ్బాల్లో గంజాయి చాక్లెట్లు పట్టుబడుతున్న కాలం ఇది. నేను అడిగేది ఒక్కటే: సోదా ముగిశాక శుద్ధి జరిగినట్టా, కొత్త మైల అంటినట్టా?

ఈ ప్రశ్న పాతదే. మన ధర్మశాస్త్రాల్లో సాక్ష్యం దొరకని నేరాలకు దివ్యపరీక్షలు ఉండేవి. యాజ్ఞవల్క్య స్మృతి ఐదు చెప్పింది: తుల, అగ్ని, జలం, విషం, కోశం. నిందపడ్డవాడు వాటిని దాటి బయటపడడాన్ని ఆ స్మృతి విశుద్ధి అంది. అంటే అక్కడ కూడా పరీక్షకు గురి శుద్ధే. ఆ పరీక్షలు క్రూరమైనవి, పోవడమే మంచిదైంది. కానీ ఆ స్మృతి పెట్టిన రెండు షరతులు మాత్రం గుర్తుంచుకోదగ్గవి. ఒకటి, చిన్నాచితకా ఆరోపణలకు దివ్యాలు పనికిరావు, మహాభియోగాలకే. రెండు, నింద వేసినవాడు, అది రుజువు కాకపోతే శిక్ష తాను మోయడానికి ఒప్పుకుంటేనే అవతలివాడిని పరీక్షకు నిలబెట్టాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం రాశాడు. అనుమానించేవాడికీ ఒక బాధ్యత ఉందన్న ఆలోచన తెలుగుకు ఏడొందల ఏళ్లకు పైబడిన పరిచయం. ఇవాళ ఏ బడి గేటు దగ్గరా ఆ బాధ్యత ఊసు వినపడదు.

ఇప్పుడు సోదాకు తోడుగా తిరిగే మాటలు చూద్దాం. హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్స్‌ల్లో ఈ మాటలు రోడ్డు మీదే దొరుకుతాయి. నాంపల్లిలో ఎక్సైజు శాఖ ఉన్న చోటు ఆబ్కారీ భవన్. ఆబ్ అంటే నీరు, కార్ అంటే పని. నీటిపని సారా కాచడమైంది, ఆ తర్వాత సారా మీద పన్నయింది, చివరికి ఆ పన్ను వసూలు చేసే శాఖయింది. నిజాం కచేరీల ఉర్దూ ఇక్కడి తెలుగులోకి ఇలా ఇంకిపోయింది.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఉర్దూ నిఘంటువు దొరికితే తన్‌ఖీహ్ అన్న మాట వెతికి చూడండి. అరబ్బీ మాట. ఎముకలోంచి మూలుగ తీయడం, చెట్టు కొమ్మలు కత్తిరించి చక్కబెట్టడం, రాతలోని దోషాలు తీసి సాపు చేయడం దాని అర్థాలు. ఉర్దూ కచేరీల్లో అది విచారణ అయింది. మన తనిఖీ అదే. తమిళంలో తణిక్కై అయి ఆడిట్‌కూ సినిమా సెన్సారుకూ పేరైంది. కన్నడంలో తనిఖె అయి దర్యాప్తైంది. ఒకటి సంస్కృతం నుంచి, ఒకటి అరబ్బీ నుంచి బయల్దేరి హైదరాబాదులో పక్కపక్కన కూర్చున్న ఈ రెండు మాటలూ మూలంలో చెప్పేది ఒకటే: శుభ్రపరచడం.

అయినా తెలుగువాడు ఈ రెంటినీ ఒకటిగా వాడడు. తనిఖీ చేసేది లెక్కలను, గోదామును, వంటశాలను, బస్సు టికెట్లను. సోదా చేసేది మనిషిని, అతని ఇంటిని. తనిఖీకి అనుమానం అక్కర్లేదు, అది ఉద్యోగధర్మం. సోదా వెనుక ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది, అందుకే దానికి వారంటు ఉంటుంది, పంచులు ఉంటారు, పంచనామా ఉంటుంది. పాత పోలీసు భాష ఇంకో మెట్టు దిగి ఇంటిని వెతికితే ఖానా తలాషీ అంది, ఒంటి మీది బట్టలను వెతికితే జామా తలాషీ అంది. ఇల్లు వేరు, ఒళ్లు వేరు అని ఆ భాషకు తెలుసు.

మరి బడిలో జరిగేదాన్ని ఏమంటున్నాం? చెకింగ్. బ్యాగ్ చెకింగ్, సడన్ చెకింగ్. కాగితం మీద రాయాల్సి వస్తే ఆకస్మిక తనిఖీ. సోదా అని మాత్రం ఎవరూ అనరు. హాస్టల్లో ట్రంకు పెట్టె తాళం తీయించి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరమూ లోబట్టలూ అందరి ముందు కింద పోసినా అది తనిఖీయే. ఈ పేరు మార్పు అమాయకమైనది కాదు. సోదా అంటే అనుమానానికి కారణం చూపాల్సి వస్తుంది. తనిఖీ అంటే ఏ కారణమూ అడగరు. పేరు మారిన క్షణంలో పిల్లవాడు మనిషి వరుసలోంచి సరుకు వరుసలోకి వెళ్లిపోతాడు. పరీక్ష కేంద్రాల గేటు దగ్గరా ఇదే తంతు. 2022 జూలైలో కేరళలోని కొల్లం జిల్లాలో నీట్ రాయడానికి వచ్చిన ఆడపిల్లల చేత లోదుస్తులు విప్పించారన్న ఫిర్యాదు దేశమంతా వినబడింది. అదీ తనిఖీ పేరు మీదే.

ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా చాపెల్ రోడ్డు దాకా నడిస్తే హైదరాబాదు బడుల చరిత్ర కళ్ల ముందుంటుంది. 1834లో మొదలైన సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, ఆల్ సెయింట్స్, లిటిల్ ఫ్లవర్, రోజరీ కాన్వెంట్, స్టాన్లీ, ఆలియా, మహబూబియా. ఆ వీధులకు కూతవేటు దూరంలోనే, 2017 జూలైలో, ఆబ్కారీ భవన్ ముందు టీవీ కెమెరాలు రోజుల తరబడి నిలబడ్డాయి. ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ అమ్మే ముఠాను ఎక్సైజు శాఖ పట్టుకుంది. కొన్నవాళ్లలో బడిపిల్లలు కూడా ఉన్నారని అధికారులు చెప్పగానే నగరం ఉలిక్కిపడింది. అయితే చర్చ పిల్లల మీద ఎక్కువ రోజులు నిలవలేదు. సినిమావాళ్ల విచారణ మొదలయ్యేసరికి కెమెరాలు అటు తిరిగాయి.

ఆ విచారణలోనే ఒక మంచి ప్రశ్న పుట్టింది. రక్తం, వెంట్రుకలు, గోళ్లు నమూనాలుగా ఇమ్మని అడగవచ్చా, ఇవ్వనంటే బలవంతంగా తీసుకోవచ్చా? ఒక నటి అప్పటి ఉమ్మడి హైకోర్టుకు వెళ్లారు. ఆమె ఒప్పుకోకుండా నమూనాలు తీసుకోవద్దని జూలై 25న కోర్టు చెప్పింది. సరిగ్గా ముప్పై రోజులకు, ఆగస్టు 24న, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఆ తీర్పు పక్కకు నెట్టిన పాత తీర్పుల్లో మొదటిది 1954 నాటి ఎం.పి.శర్మ కేసు. అది సోదా కేసే. గోప్యత హక్కుకు అంతకు అరవై మూడేళ్ల ముందు తలుపు మూసింది ఒక సోదా వ్యవహారమేనన్నమాట.

గోప్యత అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మనకిది దాపరికంలా వినిపిస్తుంది. పిల్లవాడు గోప్యత అంటే ఏదో దాస్తున్నాడని పెద్దలకు గుబులు. ధాతువు మరోలా చెబుతుంది. గుప్ అంటే రక్షించు. గోప్త అంటే రక్షకుడు. గోప్యం అంటే రక్షించదగ్గది. దాచడమన్న అర్థం తర్వాత వచ్చింది, ఎందుకంటే రక్షించాలనుకున్నదాన్నే దాస్తాం. కాబట్టి శుభ్రతకు పుట్టిన సోదాకూ, రక్షణకు పుట్టిన గోప్యతకూ పుట్టుకలో పగ లేదు. పిల్లవాడిని కాపాడడానికే సోదా అని బడి అంటుంది. సరే, అలాగైతే ఆ సోదా పిల్లవాడి గోప్యతను కూడా కాపాడాలి. కాపాడాల్సినదాన్నే చింపేసే సోదా తన పేరుకే తగదు.

పెద్దవాళ్ల విషయంలో చట్టం ఈ జాగ్రత్త పడింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మత్తుమందులపై దేశంలో ఉన్న కఠినమైన చట్టం. అంతటి చట్టమూ 50వ సెక్షన్‌లో, ఒంటిని సోదా చేయబోయే ముందు ఆ మనిషి కోరితే గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లాలంది. ఆడవారిని ఆడవారే సోదా చేయాలంది. ఆ హక్కు ఉందని నిందితుడికి చెప్పడం తప్పనిసరి అని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2005లో పవన్ కుమార్ కేసులో కోర్టు ఏకంగా పదచర్చకే కూర్చుంది: ఆ సెక్షన్‌లో వ్యక్తి అన్న మాటలోకి అతను మోస్తున్న సంచీ వస్తుందా? రాదని తీర్పు. సంచీ వేరు, ఒళ్లు వేరు. ఖానా తలాషీ, జామా తలాషీల తేడా తెలిసిన పాత భాష వైపే ఆ తీర్పు నిలబడింది.

ఈ చట్టం సోదా అధికారం ఇచ్చింది ప్రభుత్వం నియమించిన అధికారులకు. ఉపాధ్యాయుడికి ఇవ్వలేదు. గంజాయి అమ్మాడని పట్టుబడ్డ పెద్దమనిషికి ఉన్న 50వ సెక్షన్ రక్షణ లాంటిది, తరగతి గదిలో జేబులు బోర్లించమన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లకు రాతపూర్వకంగా ఎక్కడా లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. సోదా ఏ హద్దు దాటితే వేధింపవుతుందో మాత్రం చెప్పలేదు.

ఈ హద్దు గీయడానికి అమెరికా కోర్టులు నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నాయి. ఇవాళ మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉంటున్న న్యూజెర్సీ ఎడిసన్ పక్కనే పిస్కాటవే హైస్కూల్లో 1980లో ఒక పద్నాలుగేళ్ల పిల్ల సిగరెట్ తాగిందన్న అనుమానంతో చేతిసంచీ వెతికారు. ఆ కేసు 1985లో ఆ దేశ సుప్రీంకోర్టులో తేలింది. బడికి వారంటు అక్కర్లేదు, కానీ సహేతుకమైన కారణం ఉండాలి, వెతుకులాట పిల్ల వయసుకూ తప్పు తీవ్రతకూ మించకూడదు అన్నారు. 2009లో ఆరిజోనాలోని సాఫర్డ్ కేసులో ఆ హద్దు విలువ తెలిసింది. నొప్పి మాత్రల కోసం పదమూడేళ్ల పిల్ల బట్టలు విప్పించారు. ఏమీ దొరకలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. మూత్రపరీక్షల విషయంలో మాత్రం అదే కోర్టు బడుల పక్షం వహించింది. 1995లో ఆటగాళ్లకు, 2002లో పోటీ కార్యక్రమాల్లో పాల్గొనే పిల్లలందరికీ పరీక్షలు పెట్టుకోవచ్చంది. అయితే ఆ రెండు కేసుల్లోనూ ఫలితాలను పోలీసులకు ఇవ్వకూడదన్న నియమం ఆ బడులకు ముందే ఉంది.

మన దగ్గర పోలీసులు పబ్బుల దగ్గర మూత్రపరీక్ష కిట్లు వాడడం చూశాక, ఇవి బడికీ వస్తే బాగుండునని అనేవాళ్లు పెరిగారు. వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. కిట్ చెప్పేది తుది మాట కాదు. గసగసాల కూర తిన్నవాడి మూత్రంలో నల్లమందు జాడ కనిపించవచ్చు. కొన్ని జలుబు మందులు ఆంఫెటమైన్‌లా కనిపించవచ్చు. ల్యాబులో మరింత సూక్ష్మమైన పరీక్షతో నిర్ధారించుకునే దాకా కిట్ ఫలితం అనుమానమే తప్ప రుజువు కాదు. అంతలో పిల్ల పేరు బడంతా పాకుతుంది. ఇంకో పక్క, పిల్ల వాడే మూర్ఛ మందో మానసిక వ్యాధి మందో అడగని వాళ్లకు తెలిసిపోతుంది. అమెరికా శిశువైద్యుల సంఘం కూడా బడుల్లో ఈ పరీక్షలను విస్తృతంగా పెట్టడాన్ని సమర్థించలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అన్న సామెత మనందరికీ తెలుసు. తడుముకున్నవాడే దొంగ అని దాని తాత్పర్యం. తరగతి గదిలో ఈ సామెత అబద్ధమవుతుంది. నలభైమందిని నిలబెట్టి మీలో ఎవరి దగ్గర సరుకు ఉందని గద్దిస్తే ముందుగా వణికేది భయస్తుడైన పిల్లవాడు. నిజంగా సరుకున్నవాడు గట్టివాడు, అతను భుజం కదపడు. అందుకే గుంపు సోదాలో పట్టుబడేది ఎక్కువగా భయమే.

తెలుగులో గోప్యతకు ఇంటి మాట గుట్టు. దాని ఎదుటి మాట రట్టు. ముఠా గుట్టు రట్టు అన్న శీర్షిక మన పత్రికలకు కంఠతా వచ్చు. ముఠా గుట్టు రట్టు కావలసిందే. పిల్లల గుట్టు రట్టు కాకూడదని 2015 నాటి బాలల న్యాయచట్టం 74వ సెక్షన్ అంటోంది. చట్టంతో చిక్కుపడ్డ పిల్లల పేరే కాదు, ఊరు, బడి పేరు కూడా బయటపెట్టడం నేరం. పిల్లలకు మత్తుమందు ఇచ్చేవాడికి 77వ సెక్షన్, పిల్లల చేత అమ్మించేవాడికి 78వ సెక్షన్ ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పెట్టాయి. చట్టం వేలు అమ్మేవాడి వైపు చూపిస్తోంది, మనం బ్యాగు మోసేవాడి వైపు చూస్తున్నాం. మత్తుమందుల మీద బడుల్లో పెడుతున్న ప్రహరీ క్లబ్బుల పేరు ఈ విషయంలో సరైనదే. ప్రహరి అంటే కావలివాడు. అతను గేటు వైపు తిరిగి నిలబడతాడు, లోపలి పిల్లల జేబుల వైపు తిరిగి కాదు.

సుప్రీంకోర్టు కూడా ఈ దారే చూపింది. 2016 డిసెంబరులో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో బడిపిల్లల్లో మత్తు వాడకంపై దేశవ్యాప్త సర్వే చేయాలనీ, జాతీయ ప్రణాళిక వేయాలనీ, పాఠాల్లో ఆ విషయం చేర్చాలనీ ఆదేశించింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి చంద్రచూడే మరుసటి ఏడాది గోప్యత తీర్పులో ప్రధాన భాగం రాశారు. పిల్లలను మత్తు నుంచి కాపాడడం, పిల్లల గోప్యతను కాపాడడం ఒకే మనిషి చేతిలో ఇమిడాయి. మన బడుల చేతిలోనూ ఇమడాలి.

అందుకు బడులు చేయాల్సింది కొండంత పనేమీ కాదు. ముందు దాన్ని సోదా అని పిలవండి. సోదా అన్నాక కారణం కావాలి. ఎవరి మీద, ఎందుకు అనుమానమో రిజిస్టరులో రాయండి. తరగతి మొత్తాన్ని నిలబెట్టకండి. పిల్లను పక్క గదిలోకి పిలిచి, ఇద్దరు పెద్దల ఎదుట, ఆడపిల్లయితే టీచరమ్మల ఎదుటే, తన బ్యాగు తననే తెరవమనండి. ఒంటి మీద చేయి వేయడం, బట్టలు విప్పించడం ఏ కారణంతోనూ బడి పని కాదు. అంత అవసరం ఉందనిపిస్తే తల్లిదండ్రులకు ఫోన్ చేయండి. పరీక్ష కావాలంటే వైద్యుడి దగ్గర, ఇంటివాళ్లూ పిల్లా ఒప్పుకున్నాక జరగాలి. ఆ కాగితం బడి ఫైల్లో ఉండకూడదు. ఏదైనా దొరికితే అమ్మినవాడి మీద ఫిర్యాదు చేయండి, పిల్లకు చికిత్స చూడండి. చికిత్సకు తానుగా ముందుకొచ్చిన వ్యసనపరుడికి, చిన్న మొత్తాల కేసుల్లో, ఎన్‌డీపీఎస్ చట్టమే 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తోంది. పెద్ద నేరస్తులతో వ్యవహరించే చట్టానికి ఉన్న దయ, టీసీ చేతిలో పెట్టి గేటు బయటికి పంపే బడికి లేకపోతే ఎలా? టీసీతో బడి శుభ్రపడదు. పిల్ల మాత్రం నేరుగా అమ్మేవాడి గుమ్మంలో పడుతుంది.

చివరి మాట ఆ పాత స్మృతి షరతు గురించి. నింద వేసినవాడు రుజువు కానప్పుడు భారం మోయాలి. బడి మోయాల్సిన భారం పెద్దదేమీ కాదు. ఏమీ దొరకని రోజున, అనుమానం ఎంతమందికి తెలిసిందో అంతమంది ముందూ ఆ పిల్లను పిలిచి, పొరబడ్డాం, మన్నించమ్మా అనాలి. నింద పడ్డ పిల్లకు శుద్ధి జరిగేది ఆ మాటతోనే. ఆ మాట చెప్పడానికి సిద్ధపడని బడికి సోదా చేసే అర్హత లేదు.